ఐతాంబ ఎవరి పక్షం?

కిందటేడు కార్తీక అమావాస్యకి కారంపూడి వెళ్లాను. పల్నాటి వీరుల ఉత్సవాలు అక్కడ అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకి ఒక్కో పేరు. నాగులేరు దగ్గర తిరణాల, వీర్ల గుడి ముందు జనం, భుజాన ఆయుధాలతో వీరాచారవంతులు. ఒక పక్కన విద్యావంతులు కథ పాడుతున్నారు. నేను వెళ్లేసరికే బాలచంద్రుడు తల్లి దగ్గరికి యుద్ధానికి సెలవు అడగడానికి వచ్చాడు. నా పక్కన దుర్గి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఐతాంబ కొడుకుని వెళ్లొద్దని బతిమాలినంతసేపూ ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే ఉంది. తల్లి మాటలు అయిపోయి, బాలచంద్రుడి వీరత్వం మొదలయ్యేసరికి లేచి చీర దులుపుకుంది.

"ఇంక ఆడి కథేగా అమ్మాయ్. గాజులు కొనుక్కొస్తా, నా సంచి చూస్తుండు" అంది.

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. ఎందుకంటే పల్నాటి వీరచరిత్ర నా పరిశోధనలో ఒక అధ్యాయం. అందులో నాగమ్మకి దాదాపు నలభై పేజీలు ఇచ్చాను. మాంచాలకి ఇరవై దాకా ఇచ్చాను. ఐతాంబకి ఒక్క పేరా. "మాతృత్వ భావజాలానికి ప్రతినిధి" అని రాసి, కింద గీత గీసినట్టు ముగించేశాను. పరీక్షకులెవరూ దాని గురించి ప్రశ్న వెయ్యలేదు. ఆ పేరా రాసిన రోజుల్లో పద్నాలుగు నెలల నా కూతురు నరసరావుపేటలో మా అమ్మ దగ్గర ఉంది. నేను హైదరాబాదులో హాస్టల్ గదిలో ఉన్నాను. ఈ రెండు విషయాలకీ సంబంధం ఉందని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

కథ మనందరికీ తెలిసిందే. పన్నెండో శతాబ్దం చివర్లో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అటు మంత్రి నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, వనవాసం, రాయబారం, చివరికి కారంపూడి రణరంగం. శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాక చదువుకున్నవాళ్ల లోకంలోకి వచ్చింది గానీ, అంతకు ముందూ ఆ తర్వాతా దీన్ని నిలబెట్టింది మాల కులానికి చెందిన విద్యావంతుల గొంతులే. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగైర్ అలిసెట్టి గాలెయ్య పాడిన కథని రికార్డు చేసి 1982లో పుస్తకంగా తెచ్చాడు. మనవాళ్లు చెయ్యాల్సిన పని, అది వేరే సంగతి.

ఈ కథలో ఆడవాళ్లని మూడు గళ్లలో సర్దిపెట్టారు. నాగమ్మ బాల్యవితంతువు, పిల్లలు లేరు, రాజ్యం నడిపింది, కాబట్టి దుష్టురాలు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి తెరమీద వేసిన నాగమ్మలని చూసిన మన అమ్మలు, అమ్మమ్మలు ఇప్పటికీ గయ్యాళి ఆడదాన్ని నాగమ్మ అనే పిలుస్తారు. మాంచాల, కాపురం మొదలవకుండానే భర్త చేతికి కత్తి ఇచ్చి యుద్ధానికి సాగనంపింది, కాబట్టి వీరపత్ని. ఆమెకి బిడ్డ కలిగే అవకాశమే లేకుండా పోయిందని ఎవరూ బాధపడరు, అదే ఆమె గొప్పతనం. మూడోది ఐతాంబ. ఎన్నో నోములు నోచి, ఎంతో కాలం ఎదురుచూసి ఒక్క కొడుకుని కన్నది. యుద్ధం కబురు వాడి చెవిన పడకుండా పెంచింది. బొంగరాలాటలో బొంగరం తగిలి గాయపడిన ఒక స్త్రీ దెప్పిపొడిస్తే గానీ బాలచంద్రుడికి తన తండ్రీ తాతలూ ఎక్కడున్నారో తెలియలేదు. తల్లి దగ్గరికి వచ్చి నిలదీశాడు. ఆవిడ తను పడిన కష్టాలన్నీ చెప్పుకుంది. వాడు కీర్తి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడ ఓడిపోయింది.

కావ్యం ఆమెని దుష్టురాలు అనదు, వీరమాత అని దండ వేస్తుంది. కానీ ఆ దండ ఆమె ఓడిపోయాక పడుతుంది. కొడుకుని వదులుకోవడానికి ఒప్పుకున్న క్షణంలో ఆమె గొప్పది అయింది. అంతకు ముందు అన్న మాటలన్నీ ఆడదాని పిరికితనం కింద లెక్క. అలా చూసిన పురుష విమర్శకులని నేను నా సిద్ధాంత గ్రంథంలో బాగానే ఉతికాను. కానీ నేను చేసింది ఏమిటి? వాళ్లు పిరికితనం అన్నదాన్ని నేను భావజాలం అన్నాను. మాట మారింది. ఆవిడ చెప్పినదాన్ని వినకపోవడం మారలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం నాకే వస్తుంది. ఐతాంబ కోరుకున్నది కొడుకుని. కూతురు పుట్టి ఉంటే ఆ నోములకి ఉద్యాపన జరిగేదా? ఆమె కోరికలో వంశం ఉంది, పిండం ఉంది, గొడ్రాలన్న మాట పడలేక పడిన నరకం ఉంది. పిల్లలు లేని ఆడదాన్ని పేరంటానికి కూడా పిలవని సమాజంలో 'నాకు బిడ్డ కావాలి' అనే మాటలో ఎంత భాగం ఆమెది, ఎంత భాగం అత్తగారిది అని తూకం వెయ్యడం సాధ్యం కాదు. నాగమ్మకి నలభై పేజీలు ఇచ్చినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. బిడ్డలు లేకుండా, బిడ్డలు వద్దనుకుని బతికే ఆడవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు నిన్నటిదాకా లేరు, ఇవాళా తక్కువే. కానీ ఒక కోరికలోకి సమాజం చొరబడింది కాబట్టి ఆ కోరిక ఆమెది కాదు అంటే, ప్రేమ సంగతేమిటి? మనం రాసే కవిత్వం సంగతేమిటి? వాటిలోకి చొరబడలేదా?

స్త్రీవాదానికి మాతృత్వం మీద అనుమానం ఉండటానికి కారణాలు బలమైనవే. 1970లో షులమిత్ ఫైర్‌స్టోన్ బిడ్డల్ని కనే పని స్త్రీల శరీరం మీంచి తొలగిపోతే తప్ప విముక్తి లేదంది. 1976లో ఏడ్రియన్ రిచ్ తల్లిగా ఉండటమనే అనుభవం వేరు, మాతృత్వమనే వ్యవస్థ వేరు అని విడదీసి చూపించింది. మనం రిచ్‌ని చదివాం, ఉదాహరించాం, కానీ ఆమె చెప్పిన రెండో సగాన్నే పట్టుకున్నాం. వ్యవస్థ గురించి మన దగ్గర పుస్తకాలున్నాయి. అనుభవం గురించి మాట్లాడాలంటే గొంతు తగ్గిస్తాం. 1987లో ఓల్గా 'స్వేచ్ఛ' వచ్చినప్పుడు అరుణ భర్తనీ బిడ్డనీ వదిలి బయటికి రావడం మీద ఎంత గొడవ జరిగిందో మన ముందుతరం చెబుతుంది. భర్తని వదిలినందుకు కాదు, బిడ్డని వదిలినందుకు తిట్టారు. ఆ తిట్ల ముందు నిలబడటానికి, ఆడదానికి బిడ్డ కన్నా వేరే జీవితం ఉంటుందని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. చెప్పారు. వాళ్లు చెప్పబట్టే నేను నా కూతుర్ని అమ్మ దగ్గర వదిలి పరిశోధన చెయ్యగలిగాను. కానీ ఆ గట్టితనం మాకు అలవాటైపోయి, శనివారం సాయంత్రం నరసరావుపేట బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చిన సంగతి సోమవారం మిత్రులకి చెప్పలేకపోయాను. "భలే ధైర్యం నీది" అనేవారు. ఆ మెప్పు పోతుందని భయం.

చలం 'మైదానం' సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1927 నాటి నవల. స్త్రీ స్వేచ్ఛకి మొదటి మెట్టుగా చెప్పుకుంటాం. రాజేశ్వరి కడుపుతో ఉంటే ఆ బిడ్డ అమీర్‌కి అక్కర్లేదు. భర్త ఇంటి నుంచి, కులం నుంచి, మతం నుంచి బయటపడిన మనిషి ఆ ఒక్క చోట ప్రియుడి ఇష్టానికి లొంగాల్సి వచ్చింది. మైదానంలో అన్నిటికీ చోటుంది గానీ ఉయ్యాలకి లేదు.

ఇప్పుడు ఆ పెద్దావిడ ముక్కు తుడుచుకున్న చోటికే వస్తాను. కారంపూడికి దగ్గర్లోనే గుత్తికొండ బిలం ఉంది. 1969లో చారు మజుందార్ వచ్చి రహస్య సమావేశం పెట్టింది అక్కడే. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు ముందు మావోయిస్టు నాయకులు బహిరంగ సభ జరిపిందీ అక్కడే. పల్నాడులో ఏ యుద్ధం జరిగినా పాత వీరచరిత్ర వెనకాల నుంచి పలుకుతుంది. కొడుకులు వెళ్తారు, తల్లులు సెలవివ్వాలి. ఈ యుద్ధాల్లో కూతుళ్లు కూడా వెళ్లారు. అయితే తల్లి అయిన స్త్రీ యుద్ధంలో ఉంటే ఏమవుతుంది అన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉంది. కృష్ణకి అవతలి గట్టున నల్గొండ మొదలుకొని జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవని స్త్రీవాది తెలుగులో ఉండదు. అందులో కమలమ్మ కథనం ఉంది. వెట్టి కుటుంబం నుంచి వచ్చి దళంతో అడవిలో తిరిగిన మనిషి. అక్కడే బిడ్డ పుట్టాడు. పసివాడు ఏడిస్తే పోలీసులకి ఆనవాలు దొరుకుతుంది. బిడ్డని ఎవరికైనా ఇచ్చెయ్యడమా, దళాన్ని వదిలి వెళ్లడమా అన్న దగ్గరికి వచ్చింది. ఇచ్చేసింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పనను, చుట్టూ మిలటరీ ఉన్న అడవిలో దళం ప్రాణాలు ఒకవైపు ఉన్నాయి. నన్ను ఆపేది వేరే విషయం. అదే దళంలో తండ్రులు ఉన్నారు. తండ్రి అయినందుకు ఎవరూ ఏదీ ఎంచుకోనక్కర్లేదు. ఆ పుస్తకం తెచ్చినవాళ్లు కమలమ్మ దుఃఖాన్ని విన్నారు. ముప్ఫై అయిదేళ్ల తర్వాత కూడా ఆ గాయం మానలేదని చూశారు. వాళ్లు విన్నదాన్ని మేము త్యాగమని పేరు పెట్టి తరగతి గదుల్లో పాఠం చెప్పాం. మళ్లీ వీరమాత దండే.

కొండపల్లి కోటేశ్వరమ్మ తన తొంభైల్లో, 2012లో 'నిర్జన వారధి' అచ్చులోకి తెచ్చింది. అయిదారేళ్లకే పెళ్లి, ఊహ తెలియకుండానే వైధవ్యం, కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, పార్టీ, అజ్ఞాతవాసం. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర పెరిగారు. భర్త వదిలి వెళ్లాక ముప్ఫై దాటిన వయసులో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చదువుకుంది. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా ఎందరో పిల్లల్ని సాకింది. కొడుకు విప్లవంలోకి వెళ్లి తిరిగి రాలేదు. డాక్టరైన కూతురూ పోయింది. 2018లో నూరేళ్లు నిండి ఆమె వెళ్లిపోయినప్పుడు సంస్మరణల్లో అందరూ ఉద్యమకారిణి అనే రాశారు, నిజమే. కానీ ఆ పుస్తకంలో ఒక తల్లి తన పిల్లలతో గడపలేకపోయిన రోజుల లెక్క కూడా ఉంది. ఆవిడ పార్టీని శపించలేదు, తనని తాను తక్కువ చేసుకోలేదు. ఉద్యమమూ కావాలి, పిల్లలూ కావాలి అనుకుంది. అలా అనుకునే హక్కు సీతారామయ్యకి అడక్కుండానే ఉంది.

తర్వాతి కాలం దళాల్లో పెళ్లిళ్లు ఉండొచ్చు గానీ పిల్లలు ఉండకూడదనే నియమం, దానికోసం మగవాళ్లకి వేసక్టమీలు జరిగిన సంగతి లొంగిపోయినవాళ్ల కథనాల్లో వింటున్నాం. ఒక రకంగా కమలమ్మ గాయం నుంచి నేర్చుకున్న పాఠం అనుకోవాలేమో. కత్తి ఈసారి మగవాడి వైపు తిరిగింది, అది మంచిదే. కోరికకి మాత్రం అక్కడా జాగా దొరకలేదు.

ఉద్యమాలని అని ప్రభుత్వాన్ని వదిలితే అన్యాయం. మా ప్రాంతంలో ఆడవాళ్ల గర్భం మీద దళాల కన్నా ఎక్కువ అధికారం చలాయించింది కుటుంబ నియంత్రణ శాఖ. ఎమర్జెన్సీలో మగవాళ్లకి బలవంతంగా చేసిన ఆపరేషన్లు 1977 ఎన్నికల్లో గద్దె దించాయి. ఆ తర్వాత నాయకులు మగవాళ్ల జోలికి పోలేదు, భారం మొత్తం ఆడవాళ్ల మీదికి జరిపారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి వంద మంది స్త్రీలలో దాదాపు 70 మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లది ఒక శాతం కూడా లేదు. మా ఇంటి వరకూ చూస్తే, మా అమ్మకి ఇరవై రెండేళ్లకే అయిపోయింది. ఇద్దరం ఆడపిల్లలం. "ఇంకొకళ్లు కావాలని ఉండేదా అమ్మా?" అని మొదటిసారి అడిగింది ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకే. అమ్మ మిరపకాయలకి తొడేలు తీస్తోంది. "నన్నెవరడిగారే? మీ నాన్న, మీ మామ్మ, నర్సమ్మ మాట్లాడుకున్నారు" అంది. మగపిల్లాడి కోసం ఇంకో కాన్పు చూడమని మామ్మ, చాలని నాన్న. వాదన వాళ్లిద్దరి మధ్య. కడుపు అమ్మది.

గర్భసంచి కథ ఇంకా ఘోరం. 2015-16 సర్వేలో 49 ఏళ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీసేసిన వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. మిర్చి కోతలకి, పత్తి తీతకి పోయే కూలి తల్లులు ముప్ఫై అయిదేళ్లకే "ఇంక దాంతో పనేముంది" అని చెప్పించుకుని తీయించుకుంటారు. పనేముందో నిర్ణయించింది ఎవరు?

ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టం పెట్టింది. ఆ నిబంధన వల్ల పదవికి దూరమైన ఆడవాళ్లకి మూడో కాన్పు వద్దనే అధికారం ఇంట్లో ఉందా లేదా అని చట్టం అడగలేదు. 2024 నవంబరులో దాన్ని ఎత్తేశారు. మంచిదే అనుకునేలోగా కారణం విన్నాం. ఇప్పుడు జనాభా తగ్గుతోంది, ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రే చెప్పారు. మరుసటి మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు అని ప్రకటించారు. వద్దన్నప్పుడు కుట్టేశారు, కావాలన్నప్పుడు ఆవుని చూపిస్తున్నారు. అంగన్‌వాడీ ఎన్ని గంటలకి తీస్తారు, మిర్చి చేలో పసిపిల్ల ఎక్కడ పడుకుంటుంది, చంటిబిడ్డ తల్లికి కూలీలో సగం రోజు తగ్గితే ఎవరిస్తారు, ఈ మాటలు ఏ ప్రకటనలోనూ లేవు. కనడం గురించి అందరూ మాట్లాడతారు. పెంచుకోవడం గురించి మాట్లాడాల్సి వస్తే అది ఆడవాళ్ల ఇంటి సంగతి అయిపోతుంది.

బిడ్డని పెంచుకోవాలనే కోరిక ఏ తల్లికి ఉంటుందో, ఏ తల్లికి ఉండదో కూడా లోకం ముందే నిర్ణయిస్తుంది. మాచర్ల దాటి సాగర్ డ్యామ్ మీదుగా అవతలికి వెళ్తే దేవరకొండ తండాలు. 1999లో, మళ్లీ 2001లో లంబాడీ తల్లుల దగ్గర నుంచి ఆడశిశువులని సేకరించి విదేశీ దత్తతలకి పంపిన వ్యాపారం బయటపడ్డప్పుడు పత్రికలన్నీ 'బిడ్డల్ని అమ్ముకున్న తల్లులు' అని శీర్షికలు పెట్టాయి. మధ్యలో లక్షలు చేతులు మారినవాళ్లకి శీర్షిక రాలేదు. ఆ తల్లులకి చేతిలో పడ్డది కొద్ది వందలు, వేలు. పాలు చేపుకొస్తుంటే గుడ్డతో కట్టుకున్న ఆ ఆడవాళ్ల ఒంటి గురించి స్త్రీవాదులం కూడా పేదరికం అనే మాట దగ్గరే ఆగిపోయాం. బిడ్డ కావాలనే కోరిక మధ్యతరగతి విలాసం అన్నట్టు, పేదరాలికి అన్నం మాత్రమే కోరిక అన్నట్టు.

చట్టం సంగతి ఒక మాటలో చెబుతాను. 1956 హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం ప్రకారం బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలట. అంటే ముక్కు తుడిచి, స్నానం చేయించే వయసులో తల్లి, సంతకం పెట్టే చోట తండ్రి. గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని అర్థం చెప్పింది. మాట మాత్రం చట్టంలో అలాగే ఉంది.

అందుకే ఐతాంబ దగ్గరికి మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. ఆమె కొడుకుని దాచిపెట్టిందంటే అది కేవలం పేగు తీపి అనుకోవడం తేలిక. ఆ కథలో యుద్ధం వద్దని అన్నవాళ్లు ఇంకెవరున్నారో చూడండి. రాయబారాలు నడిపిన మగవాళ్లు గౌరవం నిలిస్తే యుద్ధం వద్దన్నారు. ఏ షరతూ లేకుండా వద్దన్నది ఆవిడే. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసుని కొడుకుగా పెంచుకున్నాడని, చాపకూడు పెట్టాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ చాపమీద అన్నం వడ్డించిన చేతుల గురించి కథ చెప్పదు. బాలచంద్రుడి వెంట వెళ్లిన తమ్ముళ్లు బ్రాహ్మణ, కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కులాల పిల్లలు. వాళ్లకీ తల్లులున్నారు. వాళ్ల పేర్లు జనం నోట నిలవలేదు. వాళ్లందరి తరఫునా ఐతాంబ ఒక్కతే మాట్లాడినట్టు నాకిప్పుడు వినిపిస్తుంది. ఇది నా పఠనం, కావ్యకర్త ఉద్దేశం ఇది కాకపోవచ్చు.

పెద్దావిడ గాజులు తొడుక్కుని తిరిగొచ్చింది. సంచి తీసుకుంటూ నాకెంతమంది పిల్లలని అడిగింది. ఒక్కతే కూతురన్నాను. "తీసుకురాకపోయావా" అంది. స్కూలుందన్నాను. ఆవిడ తన కొడుకుల గురించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. బాలచంద్రుడు అప్పటికి కారంపూడి చేరాడు, డప్పులు మోగుతున్నాయి. నా ఫోన్లో ఉన్న రికార్డింగు అక్కడి నుంచే మొదలవుతుంది. ఐతాంబ మాట్లాడినంతసేపూ నేను బటన్ నొక్కనే లేదు.